ఎనుబదియవ శరత్తు

ఆంగ్లకావ్యములను తెలుగు విద్యార్థులకు బోధించువారికి ఏటేట ఎదురగు చిక్కు ఒకటి కలదు. "ఆటమ్" అను మాట వచ్చినప్పుడెల్ల నిఘంటువు "శరత్తు" అని అర్థము చెప్పును. పిల్లలును అట్లే వ్రాసికొందురు. ఆ రెండు మాటలును ఇంచుమించుగా ఒకే కాలమును తెలుపునుగాని ఒకే భావమును తెలుపవు. కీట్సు కవి 1819వ సంవత్సరము సెప్టెంబరు 19వ తేదీన వించెస్టరు పట్టణమున రచించిన ఋతుగీతమును చూడుడు. అందు పండ్ల బరువునకు కొమ్మలు వంగియున్నవి. చేలు కోతకు వచ్చినవి. తుదకు పక్షులు గుమిగూడి కూయుచున్నవి. నిండుదనముతో పాటు వీడుకోలును చెప్పు కాలమది. కనుకనే ఆంగ్లేయులు మనుష్యుని ముదిమికి ఆ ఋతువు పేరు పెట్టిరి. మనము ఆ పలుకుబడిని తెచ్చి "జీవితశరత్తు" అన్నచో మన భాషకు అది అతుకదు. మనకు ఆకు రాలు కాలము శిశిరము. శరత్తన్ననో, వానలు వెలిసి, బురద యాఱి, దారులు తెఱచుకొను కాలము. మన పూర్వులు ఆయువును శరత్తులతోనే లెక్కించిరి. నూఱు శరత్తులు బ్రదుకుమని దీవించిరి.

మన ప్రాచీనకవులు శరత్తును వర్ణించినప్పుడు తేటపడిన నీటిని, ఱెల్లుపూలను, హంసలను, వెన్నెలను తప్పక చెప్పిరి. కాళిదాసు ఋతుసంహారమున మూడవ సర్గము నిండ ఈ సంబారమే. కాని ఆ యందమునకు వెనుక నొక పని యున్నది. దానిని మనము తఱచుగా మఱచుచున్నాము. కిష్కింధాకాండమున 30వ సర్గమున రాముడు శరత్కాలపు ఆకాశమును చూచి ఆనందించుటకు కూర్చుండలేదు. వానకాలము గడచినంతనే సీతను వెదకింతునని సుగ్రీవుడు మాట యిచ్చియుండెను. ఆకాశము తేటపడినది, సుగ్రీవుడు రాలేదు. ఆ ఋతువర్ణనము ఒక బాకీని జ్ఞప్తికి తెచ్చు లేఖ వంటిది. దాని తరువాతనే లక్ష్మణుడు విల్లు పట్టుకొని కిష్కింధకు బయలుదేరును. రఘువంశమున నాలుగవ సర్గములో రఘుమహారాజు దిగ్విజయయాత్రకు కదలుటయు శరత్తుననే. నదులు దాటుటకు వీలయినవి, త్రోవలు ఎండినవి. ఇక జాగు చేయుటకు సాకు లేదు.

మన తెలుగు పల్లెలలో ఋతుకవిత్వము పండితుల గ్రంథములలో మాత్రమే నిలిచియుండలేదు. వీధి వెంట నడచినది. నా వృత్తికి పూర్వులైన వీధిబడి అయ్యవారలు దసరా దినములలో పిల్లలకు పూలవిల్లులు పట్టించి, పద్యములు చదివించుచు, ఇంటింటికి తీసికొనిపోయెడివారు. అయ్యవారికి రూకలును పిల్లలకు పప్పుబెల్లములును ముట్టెడివి. ఆ పద్యములలో దీవెన కలదు, హాస్యము కలదు. వానితో పాటు, ఏడాది పొడవున మీ బిడ్డలకు అక్షరములు దిద్దించిన వానికి మీరు ఋణపడియున్నారను మాటయు కలదు. దానిని బిచ్చమని తలచువారు ఆ యాచారమును తెలిసినవారు కారు. ఊరు తన బాకీని తీర్చుకొనుటకు శరత్తు ఒక తిథిని ఏర్పఱచినది. పద్యము ఆ తిథిని చాటినది.

శరత్తు ఋణము తీర్చు ఋతువను ఈ భావమునకు మన కాలమున స్పష్టమైన రూపము నిచ్చినవాడు రవీంద్రనాథ ఠాకూరు. ఆయన పాటలను విషయక్రమమున కూర్చిన గీతవితానమున "ప్రకృతి" అను భాగము కలదు. అందు వర్షమునకు 115 పాటలు, వసంతమునకు 96 పాటలు ఉండగా శరత్తునకు 30 మాత్రమే. లెక్కకు తక్కువయైనను బంగాళీలకు అవి కంఠస్థములు. వారికి భాద్రపదాశ్వినములే శరత్తు. మనకువలె ఆశ్వయుజ కార్తికములు కావు. నేలపై రాలిన పారిజాతములు, ఏటి యొడ్డున ఱెల్లు, పల్చని తెల్లమబ్బు, ఇంటికి పోవ సెలవు దొరకిన బాలుని యుల్లాసము: ఇవియే ఆ పాటలలోని సామగ్రి.

ఆయన 1908లో శాంతినికేతనపు పిల్లల కొఱకు "శారదోత్సవము" అను నాటకము వ్రాసెను. పిల్లలకు సెలవు వచ్చినది. అందఱును ఆడుచున్నారు. ఉపనందుడను బాలుడు మాత్రము ఆటకు రాడు. అతని గురువు అప్పు మిగిల్చి మరణించెను. ఆ యప్పు తీర్చుటకై అతడు కూర్చుండి గ్రంథములకు ప్రతులు వ్రాయుచున్నాడు. సన్న్యాసి వేషమున నున్న రాజు వచ్చి వానిని ఆటకు లాగుకొని పోలేదు. ఆ పనియే నిజమైన ఉత్సవమని గుర్తించెను. పొలము పచ్చబడుటయు, నది తేటపడుటయు తాము పొందినదానిని తిరిగి యిచ్చుటయే యని ఆ నాటకపు సారము. 1921లో దానిని కొంత మార్చి "ఋణశోధ" మని పేరు పెట్టుటచే కవి తన యుద్దేశమును దాచక చెప్పినాడు.

ఇక కథల మాట. బంగాళ దేశమున దుర్గాపూజకు క్రొత్త బట్టలతో పాటు క్రొత్త కథలును ఇంటికి వచ్చు ఆచారము కలదు. పత్రికలు "శారదీయ సంఖ్య" లను పేర బరువైన ప్రత్యేకసంచికలను వెలువరించును. అందు చిన్నకథలేగాక సంపూర్ణమైన నవలలును అచ్చగును. ఆ నవలలే పిమ్మట గ్రంథములుగా వచ్చును. సునీల గంగోపాధ్యాయుని మొదటి నవల "ఆత్మప్రకాశ్" 1966లో "దేశ్" పత్రిక శారదీయ సంచికలోనే వెలువడినది. రచయితలకు దీనివలన తొందర కలుగును. పూజకు ముందే వ్రాతప్రతి ముద్రణాలయమునకు చేరవలెను గనుక వానకాలమంతయు వారికి దీక్షాకాలము. గడువునకు లోబడి వ్రాసిన రచనలలో తాలు కొంత యుండక తప్పదు. అయినను ఇందొక మేలున్నది. పండుగనాడు ఇంటిలోని వృద్ధురాలు మొదలు పాఠశాలకు పోవు బాలిక వఱకు ఒకే సంచిక కొఱకు చేయి చాచుదురు. విడిగా నొక పుస్తకము కొన్నచో యజమాని దానిని తన గదిలో దాచుకొనవచ్చును; పండుగసంచికను దాచుట సాధ్యము కాదు. ఒక క్రొత్త భావము ఇంటి నడిమింటికి ప్రవేశించుటకు ఇంతకంటె తగిన ద్వారము లేదు.

ఆ ద్వారము గుండ రవీంద్రుడు తన యెనుబదియవ శరత్తున ఎట్టి కథను పంపెనో చూతము. 1861 మే నెలలో జన్మించిన ఆయనకు 1940వ సంవత్సరపు శరత్తు ఎనుబదియవది. ఐరోపాలో యుద్ధము మండుచుండెను. ఆ ఆగస్టు 7వ తేదీన ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమువారు తమ ప్రతినిధులను శాంతినికేతనమునకు పంపి ఆయనకు డాక్టరు బిరుద మిచ్చిరి. సెప్టెంబరులో ఆయన కొండ గాలికై కాలింపాంగునకు పోయెను. నెల ముగియకమునుపే అక్కడ తీవ్రమైన వ్యాధికి లోనై తెలివి తప్పిన స్థితిలో కలకత్తాకు తీసికొని రాబడెను. ఆ శరత్తుననే ఆనందబజారు పత్రిక శారదీయ సంచికలో ఆయన పెద్దకథ "లెబొరేటరీ" ప్రకటితమైనది. అంతకు ముందటి యేడు అదే పత్రిక పూజాసంచికలో "రొబిబార్", అనగా ఆదివారము, అను కథ వచ్చియుండెను. ఈ రెండును "శేష్ కథా" అను మఱియొక కథయు కలిసి "తీన్ సంగీ" అను సంపుటముగా కొలది నెలలకే వెలువడినవి.

అంత వయసున, అంత కీర్తి గడించినవాడు పండుగసంచికకు ఒక దుర్గాస్తుతినో, ఒక శరద్గీతమునో పంపి యూరకుండవచ్చును. ఎవరును తప్పు పట్టియుండరు. ఆయన పంపినది ఒక విధవ కథ. అదియు కన్నీటి కథ కాదు.

నందకిశోరుడను ఇంజనీరు రైలువంతెనల పనులలో ధనము సంపాదించెను. ఆ సంపాదన అంతయు శుద్ధమైనది కాదని కవి దాచలేదు. ఆ ధనము నంతయు అతడు ఒక శాస్త్రప్రయోగశాలకు ధారపోసెను. పంజాబు దేశమున సోహినియను యువతి అతనికి తారసిల్లెను. ఆమె బుద్ధిబలమును, తెగువను చూచి ఆమెను తనతో తెచ్చుకొని చదువు చెప్పెను. అతడు చనిపోయిన పిమ్మట బంధువులు ఆస్తికై పైబడిరి. ఆమె న్యాయస్థానములలో పోరాడి ప్రయోగశాలను నిలువబెట్టినది. తాను లోకము చెప్పు అర్థమున పతివ్రతను కానని ఆమెయే ప్రొఫెసరు చౌధురితో నిస్సంకోచముగా చెప్పుకొన్నది. అయినను భర్త మొదలుపెట్టిన శాస్త్రకార్యము చెడకూడదను ఒక్క విషయమున ఆమె నిష్ఠకు భంగము లేదు. ఆ శాలకు తగిన శాస్త్రజ్ఞునిగా రేవతి యను యువకుని ఆమె ఎన్నుకొన్నది. అతడు గొప్ప తెలివి గలవాడు; వెన్నెముక మాత్రము లేదు. సోహిని కుమార్తె నీల అతనిని ఆకర్షించినది. సభలు, సన్మానములు అతనిని చుట్టుకొన్నవి. తుదకు అతనిని పెంచిన మేనత్త వచ్చి గుమ్మములో నిలిచి ఒక్క పిలుపు పిలువగా, ఆ శాస్త్రజ్ఞుడు మఱుమాట లేక ఆమె వెంట నడచిపోయెను. కథ అక్కడ ముగిసినది.

ఈ కథ అందఱకును నచ్చునని నేను చెప్పను. సోహిని మాటలలో కొన్ని కఠినములు. నీలను కవి కొంత తేలికగా చిత్రించెనని నాకు తోచును. శీలమును గుఱించి ఆమె పలికినదానిని మన యింటి పిల్లలకు ఆదర్శముగా చూపవలెనని ఎవరును కోరరు. కాని రచయిత మార్గమున దీని స్థాన మేదో తెలియవలెనన్నచో 1903 నాటి ఆయన నవల "చోఖేర్ బాలి" ని ప్రక్కన పెట్టుకొనవలెను. అందు వినోదినియు విధవయే, విద్యావతియే, తెలివిలో ఇంటివారి నందఱిని మించినదే. ఆ తెలివికి ఇంటిలో చేయదగిన పని లేకపోయినది. అది ఇతరుల సంసారములపై నిప్పువలె పడినది. కడపట ఆమె కాశికి ప్రయాణమైనది. ముప్పదియేడేండ్ల తరువాత వచ్చిన సోహిని కాశికి పోలేదు. ఆమె చేతిలో ప్రయోగశాల యున్నది. ఈ ఇద్దఱి నడుమ కవి జీవితమున జరిగినది కథ మాత్రమే కాదు: 1910లో ఆయన తన కుమారుడు రథీంద్రునికి బాలవిధవయైన ప్రతిమాదేవినిచ్చి వివాహము చేసెను. విద్యాసాగరుని కృషివలన 1856లో విధవావివాహమునకు చట్టము వచ్చినది. మన వీరేశలింగము పంతులుగారు 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున మొదటి విధవావివాహము జరిపించిరి. ఆ మహానుభావులు విధవకు మరల ఇల్లాలగు హక్కును సంపాదించి పెట్టిరి. సోహిని కథ అడుగుచున్న ప్రశ్న మఱియొకటి: మరల పెండ్లాడని స్త్రీ మాట యేమి? ఆమెకు ఇంటిలో, ఊరిలో, పండుగలో చోటెక్కడ?

ఈ ప్రశ్న నాకు పుస్తకములో కంటె మా యింట స్పష్టముగా వినబడినది. దసరా సెలవులలో రాత్రి భోజనములైన పిమ్మట ఒకరు చదువగా తక్కినవారు వినుట మాకు వాడుక. నాలుగేండ్ల క్రిందట నేను ఈ కథ ఆంగ్లానువాదమును ముందుంచుకొని మూడు రాత్రులు తెలుగున చెప్పితిని. వినువారు మా అమ్మ, నా భార్య, కళాశాలలో చదువు మా అమ్మాయి, మా అక్క. అక్క ముప్పదియవ యేట భర్తను కోల్పోయినది. కుట్టుపని చేసి ఇద్దఱు పిల్లలను చదివించి నిలువబెట్టినది. మా యింట బొమ్మలకొలువు ఆమె చేతిమీదనే జరుగును. అటకమీది పెట్టె దించి కొండపల్లి బొమ్మలను తుడుచుట, మెట్లు కట్టుట, వానికి గుడ్డ కుట్టుట, నవధాన్యముల మొలకలకు నీరు పోయుట, అన్నియు ఆమెయే. సాయంకాలము పేరంటాండ్రు వచ్చు వేళకు మాత్రము ఆమె వంటింటిలోనికి పోవును. పొమ్మని ఎవరును చెప్పలేదు. చెప్పనక్కఱ లేకపోవుటయే అందలి కఠినత్వము.

మూడవ రాత్రి కథ ముగిసినప్పుడు, మేనత్త పిలుపునకు లేచిపోయిన రేవతిని తలచుకొని మా అమ్మాయి పకపక నవ్వినది, అమ్మయు నవ్వినది. అక్క నవ్వలేదు. కొంతసేపటికి ఇట్లన్నది: "నవ్వకండే. సోహిని చేతిలో ప్రయోగశాల పెట్టినాడు గనుక ఆమె దానిని కాచుకొన్నది. ఆ మేనత్త చేతిలో ఎవరేమి పెట్టినారు? ఆ పిల్లవాడొక్కడే గదా! వానిని వదిలితే ఆమెకు ఏమున్నది? అందుకే పట్టుకొన్నది."

విమర్శకులు ఆ మేనత్తను మూఢాచారమునకు ప్రతిరూపమందురు; ఆమె పిలుపును వెనుకటి కాలపు పిలుపందురు. అది నిజమే. కాని అక్క మాట విన్న పిమ్మట ఆ కథ నాకు మఱియొక తీరున తెఱచుకొన్నది. తెలివియు, పట్టుదలయు గల ఇద్దఱు స్త్రీలు ఆ కథలో ఎదురెదురుగా నున్నారు. ఒకతెకు లోకము చేయదగిన పనిని ఇచ్చినది. ఒకతెకు మనుష్యుని మాత్రమే విడిచినది. పని దొరకినది శాస్త్రమును కాచినది. దొరకనిది దానిని తెలియకయే చెఱచినది. స్త్రీకి చోటు చూపని సంఘము ఆమెకు మాత్రమే అన్యాయము చేయుటలేదు. ఆమె పెంచు పిల్లలకును, వారు చేయదగిన కార్యమునకును చేయుచున్నది. ఎనుబదేండ్ల కవి పండుగసంచికలో చెప్పదలచినది ఇదియే యని నేను రూఢిగా అనజాలను. మా యింట అది అట్లు వినబడినది.

మఱునాటి సాయంకాలము మా అమ్మాయి కుంకుమభరిణెయు తాంబూలముల పళ్లెమును తీసికొనిపోయి అక్క చేతిలో పెట్టినది. అమ్మకు భయము కలిగినది. "నలుగురు ముత్తైదువలు వచ్చేవేళ ఇదేమిటే? వాళ్లేమనుకుంటారు?" అని అడ్డు వచ్చినది. నా భార్య అత్తగారి మాటకు సాధారణముగా ఎదురాడదు. ఆనాడు మాత్రము, "అత్తయ్యా, కొలువు పెట్టింది వదినగారు. వచ్చినవాళ్లు చూసిపోయేది ఆవిడ చేతిపనినే. ఆవిడ ఇవ్వకూడనిది నేను మాత్రం ఎట్లా ఇస్తాను?" అన్నది. అక్క మొదట ఒప్పుకొనలేదు. "నాకు బొట్టు మీద ఆశ లేదు. వంటింట్లో కూర్చోనక్కఱ లేకపోతే అంతే చాలు," అన్నది, అని, కొలువు ప్రక్కన పీటవేసికొని కూర్చుండి వచ్చినవారికి తాంబూలము లిచ్చినది. ఒక పెద్దమ్మ పనియున్నదని చెప్పి తాంబూలము తీసికొనకయే పోయినది. నేటివఱకు మా కొలువునకు మరల రాలేదు. తక్కినవారు తీసికొనిరి. అష్టమినాడు మా వీధి చివర నున్న మఱియొక విధవ, పదునైదేండ్లుగా ఏ పేరంటమునకును పోనిది, తన మనుమరాలి చేయి పట్టుకొని వచ్చినది. ఆమె బొమ్మలను చూచుచు ఎంతసేపు నిలిచియుండెనో చెప్పజాలను.

ఇది చాల చిన్న విషయమని పలుకువారుందురు. నేడు తల గొరిగించుట లేదు, తెల్లచీర కట్టించుట లేదు. విధవలు ఉద్యోగములు చేయుచున్నారు, ఎన్నికలలో నిలుచుచున్నారు. ఇంకను ఈ సంస్కరణపు మాట ఏల? అని అడుగుదురు. దీనికి నా సమాధానము ఇది. పెద్ద యన్యాయములను చట్టము తొలగింపగలదు. కుంకుమభరిణె ఎవరిదాక వచ్చి ఆగునో చట్టము చూడజాలదు. అది ఇంటివారే చూచుకొనవలెను. అందును ఈ పండుగ యేది? అమ్మవారి పండుగ. తొమ్మిది రాత్రులు స్త్రీ రూపమున నున్న శక్తిని పూజించి, ఆ పూజకు సమస్తమును అమర్చిన స్త్రీని గోడ వెనుక కూర్చుండబెట్టుట ఏ శాస్త్రమునకు తగును? ముత్తైదువతనము మంగళమని గౌరవించుటను నేను కాదనను. ఒకరి మంగళము నిలుచుటకు మఱియొకరిని అమంగళమనుట యెందులకు?

బంగాళ దేశము ఇందు మనకంటె మేలని చెప్పుటకు వీలులేదు. అక్కడ విజయదశమినాడు దేవి నిమజ్జనమునకు ముందు స్త్రీలు సిందూరము పూసికొని ఆడు వేడుక కలదు. అదియు ఆచారము ననుసరించి సుమంగళులదే. అనగా, సోహిని కథ అచ్చయిన పండుగసంచికను చేతపట్టుకొని ఆ కథను చదివిన విధవలు, ఆ పండుగ కడపటి వేడుకలో చోటు లేక ప్రక్కన నిలిచియుందురు. రచయిత తన కథను ఎక్కడికి పంపుచున్నాడో ఎఱుగనివాడు కాడు.

మన దేశముతో రవీంద్రునికి గల సంబంధము దూరపుది కాదు. 1919లో మదనపల్లెలో నుండగా ఆయన "జనగణమన" ను ఆంగ్లీకరించెను. 1933లో వాల్తేరున ఆంధ్ర విశ్వవిద్యాలయమున మానవుని గుఱించి ఉపన్యసించెను. శాంతినికేతనమున చదివిన బెజవాడ గోపాలరెడ్డిగారు ఆయన రచనలనేకములను తెనిగించిరి. మన గ్రంథాలయములలో ఆయన గీతములు దొరకును. మన సభలలో ఆయన పటమునకు దండలు పడును. ఆయన శరద్గీతములను మెచ్చుకొనుట సులభము. మన తెలుగు తీరమున ఆశ్వయుజపు ఆకాశము ఎల్లప్పుడును తేటగా నుండదనియు మనకు తెలియును; 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును ఊడ్చినది శరత్తుననే. అయినను కవులు వర్ణించిన తేట యాకాశమునే మనము తలచుకొందుము. అందు తప్పు లేదు. కాని ఆ పాటలు వ్రాసినవాడే పంపిన కథను చదువక, పాటలను మాత్రమే పాడుకొనుట సగము ఋణమును మాత్రము తీర్చుటయగును.

ఆ సంవత్సరము ఆయనకు తరువాత జరిగినదియు చెప్పవలెను. కలకత్తాలో జోడాసాంకో ఇంటిలో కొన్ని వారములు మంచమున నుండి నవంబరులో శాంతినికేతనమునకు తిరిగి వచ్చెను. వ్రేళ్లు కలమును పట్టుటకు సరిగా లోబడనప్పుడు చెప్పి వ్రాయించెను. "రోగశయ్య" యను అర్థమిచ్చు పేరుగల కవితాసంపుటము ఆ సంవత్సరము ముగియకమునుపే వెలువడినది. "ఆరోగ్య" మనునది 1941 తొలినెలలలో వచ్చినది. వానితో పాటు మనుమరాలి వంటి చిన్నదానికి చెప్పునట్లు పిల్లల కథలును, పద్యములును కూర్చి "గల్పసల్ప" మను పుస్తకము సిద్ధపఱచెను. ఆ యాగస్టు 7వ తేదీన మరణించెను. ఎనుబదియొకటవ శరత్తు ఆయనకు నిండలేదు. ఆంగ్లేయుల పలుకుబడిలో అది ఆకు రాలు కాలమే కావచ్చును. మన లెక్కలో మాత్రము అది ఉపనందుడు కూర్చుండి ప్రతులు వ్రాసిన కాలము: తాను పొందినదానిని కడపటి పుటవఱకు తిరిగి యిచ్చిన కాలము.

పండుగసంచికలు మన భాషలోను వచ్చుచున్నవి; దీపావళికిని, ఉగాదికిని మన రచయితలును కథలు వ్రాయుచున్నారు. ఋతువును పొగడు పద్యమొకటి, నవ్వించు కథ యొకటి ఉన్నచో పత్రిక నిండునని సంపాదకులు తలపవచ్చును. చదువరులు మఱికొంత అడుగవలెను. సంవత్సరమున ఒక్కమాఱైనను ఇంటిల్లిపాదియు చేరి వినునప్పుడు, ఆ యింటిలో ఎవరికి బాకీ యున్నామో తెలుపు రచనయు ఒకటి అందుండవలెను. అట్టిది దొరకినచో దానిని గదిలో ఒంటరిగా చదువుకొనక నడిమింట పెద్దగా చదువుడు. చదివిన పిమ్మట వినినవారి మాటయు వినుడు. ఈ దసరాకు మీ యింట కొలువు పెట్టిన చేతులు ఎవరివో చూచి, తాంబూలపు పళ్లెమును ముందుగా వారి చేతికే ఇండు. రాని పేరంటాండ్రు ఒకరిద్దఱుందురు. వచ్చువారును ఉందురు, వారికి పీట వేసి యుంచుడు.